ఒక్క నెల దగ్గరే ఆగిన చట్టం

ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలని ఉద్యోగం చేసే ఆడవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ వారాలు గడిచినా ఒంట్లో బాగోలేక ఇంకొన్నాళ్లు కావాలని అడిగితే యజమాని ఏం చేయాలన్నది మాత్రం అడిగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ కూడా సరిగా తెలియదు.

గడువు దాటాక కూడా తల్లికి రక్షణ ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక మహాసభ ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు అని తీర్మానించి అక్కడితో ఆగలేదు. కాన్పు వల్ల వచ్చిన జబ్బుతో గడువు దాటినా, వైద్యుడి ధ్రువపత్రం ఉంటే, ఆయా దేశాలు నిర్ణయించిన పరిమితి వరకు తల్లిని పనిలోంచి తీసేయకూడదంది. ఆ ఒప్పందాన్ని భారతదేశం ఆమోదించలేదు. 1924లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో పెట్టిన ప్రసూతి బిల్లు వీగిపోయింది. 1928లో బొంబాయి శాసనమండలిలో ఇలాంటి బిల్లునే సమర్థిస్తూ అంబేద్కర్, తల్లి విశ్రాంతి దేశానికి మేలు చేస్తుంది కాబట్టి ఆ ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వమే భరించాలన్నారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం ఆ ఖర్చు మిల్లు యజమానుల మీదే పెట్టింది. తర్వాతి చిక్కులకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కోస్తా, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1934లో ఇలాంటి చట్టమే వచ్చింది. దేశమంతటికీ వర్తించేది 1961లో తయారై, 1963 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. పొడిగింపు సంగతి అందులోని పదో సెక్షన్‌లో ఉండేది. గర్భం, ప్రసవం, నెలలు నిండని కాన్పు, గర్భస్రావం వల్ల జబ్బు పడితే, రుజువు చూపిన తల్లికి మామూలు సెలవుకు అదనంగా గరిష్ఠంగా ఒక నెల, అదీ జీతంతో, ఇవ్వాలి. ఇది యజమాని దయ కాదు, ఆమె హక్కు. ఆ నెలను సిక్ లీవ్‌లో కోసేయడం, లాస్ ఆఫ్ పే వేయడం చట్టానికి విరుద్ధం. ఆ చట్టంలోని పన్నెండో సెక్షన్ ప్రకారం, ఆ సెలవు రోజుల్లో ఉద్యోగం తీసేయడమూ చెల్లేది కాదు.

పదో సెక్షన్‌లోని వాక్యాన్ని దగ్గర్నుంచి చూస్తే ఒక లోటు కనిపిస్తుంది. జబ్బు తల్లికి రావాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నా, తల్లి ఆరోగ్యంగా ఉంటే ఆ నెల అడగడానికి ఆధారం లేదు. అప్పుడామె కంపెనీ నిబంధనల మీదో, మేనేజరు మంచితనం మీదో ఆధారపడాల్సిందే. ఆ నెల దాటితే జబ్బుపడ్డ తల్లి పరిస్థితీ అంతే.

ప్రభుత్వ ఉద్యోగినుల కథ వేరు. కేంద్ర ఉద్యోగులకు 1972 నాటి సెలవు నిబంధనలు, ప్రసూతి సెలవుకు కొనసాగింపుగా తమ ఖాతాలోని ఇతర సెలవులను ఒక పరిమితి వరకు మెడికల్ సర్టిఫికెట్ లేకుండానే వాడుకోనిచ్చాయి. 2008లో ప్రసూతి సెలవు 180 రోజులైంది. దానికి తోడు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వచ్చింది. అండమాన్‌లో కాకలీ ఘోష్ అనే ఉద్యోగిని ఆ సెలవు ఆరు నెలలు అడిగితే అధికారులు 45 రోజులే ఇచ్చారు. 2014లో ఆమె కేసులో సుప్రీంకోర్టు, నిబంధనల ప్రకారం 730 రోజులూ వరసగా ఇవ్వవచ్చని తేల్చింది.

2017 సవరణతో ప్రైవేటు ఉద్యోగినులకు సెలవు పన్నెండు వారాల నుంచి ఇరవై ఆరుకు పెరిగింది. సెలవు ముగిశాక ఇంటి నుంచి పనిచేసే వీలూ కల్పించారు. అది ఆ పనికి కుదిరితేనే, అదీ యజమానీ ఉద్యోగినీ ఇద్దరూ ఒప్పుకుంటేనే. పదో సెక్షన్‌లోని నెల మాత్రం పెరగలేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ ఒక్క నెలే.

ఎందుకు పెరగలేదు? ఈఎస్ఐ పరిధిలోని కార్మికురాలికి డబ్బు చందాలతో ఏర్పడిన నిధి నుంచి వస్తుంది. మిగతావారికి చెల్లించేది ఒక్క యజమానే. పదిమంది పనిచేసే చిన్న సంస్థకు ఇది నిజంగానే బరువు, ఆ బరువుకు భయపడి పెళ్లయిన అమ్మాయిలను అసలు పనిలోకే తీసుకోకపోతే నష్టపోయేదీ వాళ్లే. అంబేద్కర్ చెప్పినట్టు ప్రభుత్వం ఖర్చు పంచుకుంటే ఆ నెలను మూడు చేయవచ్చు, బిడ్డ జబ్బునూ అందులో చేర్చవచ్చు.