మాతృక, ప్రతి, పరంపర: రాజవంశపు టియారాలు – వధువుల అనుకరణ శిరోభూషణాలు

ప్రవేశిక

రాజకుటుంబాల టియారాలను పోలిన శిరోభూషణాలను పెళ్లికూతుళ్ల కోసం తయారుచేయడం బ్రిటన్‌లోను, ఇతర పాశ్చాత్య దేశాలలోను స్థిరపడిన వ్యాపారం. వజ్రాలకు బదులు స్ఫటికాలో క్యూబిక్ జిర్కోనియా రాళ్లో పొదిగి, పూత పూసిన లోహంతో వీటిని రూపొందిస్తారు. వీటిని గురించి మాట్లాడేవారు సాధారణంగా ఒక విభజనను ముందే అంగీకరిస్తారు: రాజభవనంలో ఉన్నది అసలు, వధువు తలపై ఉన్నది నకలు. ఈ విభజన చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తుందో బ్రిటిష్ రాజకుటుంబపు టియారాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తాళపత్ర గ్రంథాల పరిష్కర్తలు వాడే మాతృక, ప్రతి అనే పదాలు ఈ పరిశీలనకు ఉపకరిస్తాయి.

టియారాను కిరీటం అనడం సరికాదు. కిరీటం రాజ్యాధికారానికి చిహ్నం. టియారాకు పట్టాభిషేకంతో సంబంధం లేదు. బ్రిటిష్ ఆచారంలో ఇది ప్రధానంగా వివాహిత స్త్రీల ఆభరణం. అందువల్లనే వధువు దానిని తొలిసారి ధరించే రోజుగా పెళ్లిరోజుకు ప్రాధాన్యం వచ్చింది. అమరకోశంలోని లలాటిక దీనికి కొంత దగ్గరి మాట. అయితే లలాటిక నుదుటి నగ, టియారా కేశాలపై నిలిచే నగ. కనుక ఈ వ్యాసంలో టియారా అనే మాటనే వాడుతున్నాను.

ప్రతికి ప్రతి

అనుకరణలకు తరచుగా నమూనాగా నిలిచే నగలలో ‘లవర్స్ నాట్’ టియారా ఒకటి. ప్రేమముడి ఆకారాలు, వాటి కింద వేలాడే ముత్యాలు దాని లక్షణం. డయానా, ఆ తరువాత కేథరిన్ ధరించడం వల్ల అది లోకప్రసిద్ధమైంది. దీనిని 1913–14 ప్రాంతంలో రాణి మేరీ గారార్డ్ సంస్థ చేత చేయించింది. ఆమె కొత్త రూపకల్పన కోరలేదు. తన అమ్మమ్మ, కేంబ్రిడ్జ్ డచెస్ అగస్టాకు చెందిన టియారాను పోలిన నగ కావాలని కోరింది. అమ్మమ్మ నగ వేరొక శాఖకు చేరినందున మనుమరాలు దాని ప్రతిని చేయించుకుంది. అంటే నేటి వధువు అసలుగా భావించి అనుకరిస్తున్నది స్వయంగా ఒక ప్రతి.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. 1888లో అలెగ్జాండ్రా వివాహ రజతోత్సవానికి 365 మంది ప్రభువర్గ స్త్రీలు కలిసి ఒక టియారాను కానుకగా ఇచ్చారు. ఆమె సోదరి, రష్యా సామ్రాజ్ఞి మరియా ఫ్యోదొరొవ్నా వద్ద ఉన్న నగ దానికి నమూనా. ఆ నగకూ ఒక పూర్వరూపం ఉంది. కొకోష్నిక్ అనేది రష్యాలో వివాహిత స్త్రీల సంప్రదాయ శిరోవేష్టనం. పీటర్ చక్రవర్తి పాశ్చాత్య వేషధారణను ప్రవేశపెట్టిన తరువాత ప్రభువర్గం దానిని వదిలివేయగా, రైతు, వర్తక కుటుంబాల స్త్రీలు నిలుపుకున్నారు. 1834లో మొదటి నికొలస్ ఆస్థాన స్త్రీల దుస్తులను నిర్దేశించినప్పుడు దాని ఆకారం తిరిగి రాజసభకు చేరింది. ఈ వరుసలో వెనక్కి వెళితే మాతృక స్థానంలో కనిపించేది మహారాణి కాదు, పల్లెటూరి ఇల్లాలు. రాజవంశాన్ని సామాన్యులు అనుకరిస్తారన్న సూత్రం ఇక్కడ తారుమారవుతుంది.

వస్తువు కాదు, అప్పగింత

రూపం స్వతంత్రం కానప్పుడు ఒక నగకు వారసత్వ గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? రాణి మేరీ ‘ఫ్రింజ్’ టియారా చరిత్ర దీనికి సమాధానమిస్తుంది. 1893లో మేరీ పెళ్లికి విక్టోరియా రాణి వజ్రాల నగను కానుకగా ఇచ్చింది. 1919లో ఆ వజ్రాలతోనే ప్రస్తుత టియారాను చేయించారు. 1947 నవంబరు 20న ఎలిజబెత్, 1973లో ఆమె కుమార్తె యాన్, 2020లో మనుమరాలు బియాట్రిస్ తమ పెళ్లిళ్లలో దీనిని ధరించారు. 1947లో పెళ్లినాటి ఉదయమే దీని చట్రం విరిగితే ఆస్థాన నగల పనివారు అప్పటికప్పుడు బాగుచేశారు. రూపం మారింది, చట్రం విరిగి అతుకుపడింది. అయినా వారసత్వానికి లోపం రాలేదు. ఎవరు ఎవరికి, ఏ సందర్భంలో అప్పగించారన్నదే దానిని నిలిపింది. అనుకరణ నగలో లేనిది వజ్రం మాత్రమే కాదు, ఈ అప్పగింత కూడా. అయితే వజ్రం లేని లోటు ఎప్పటికీ లోటే. అప్పగింత మాత్రం ఏ తరంలోనైనా మొదలు కావచ్చు.

హైదరాబాదు పేరిట ఒక టియారా

ఈ చర్చకు తెలుగునేలతో నేరుగా సంబంధమున్న ఉదాహరణ ఒకటి ఉంది. 1947లో ఎలిజబెత్ పెళ్లికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక వజ్రాల టియారాను, హారాన్ని కానుకగా ఇచ్చాడు. ఇవి ఆసఫ్‌జాహీ ఖజానా నుంచి వెళ్లిన వంశపారంపర్య నగలు కావు; కార్టియే సంస్థ లండన్ దుకాణంలో వధువే ఎంచుకున్నవి. హైదరాబాదు పేరు వాటికి దాత వల్ల వచ్చింది. ఆ పెళ్లి జరిగిన తొమ్మిది రోజులకు, నవంబరు 29న, నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదుర్చుకున్నాడు. తెలంగాణ పల్లెల్లో అప్పటికే రైతాంగ పోరాటం సాగుతోంది. కానుకను ఈ సందర్భం నుంచి విడదీసి కేవలం సౌందర్య వస్తువుగా చూడటం చరిత్రను సగమే చదవడం.

ఆ టియారా నేడు లేదు. 1973లో దానిని విడదీసి, అందులోని వజ్రాలను, బర్మా ప్రజలు పెళ్లి కానుకగా ఇచ్చిన 96 కెంపులను కలిపి గారార్డ్ సంస్థ చేత కొత్త టియారా చేయించారు. గులాబీ ఆకారపు పతకాలు, హారం మాత్రమే మిగిలాయి. కనుక ఆ టియారాను ఎవరైనా పునర్నిర్మించదలిస్తే ఛాయాచిత్రాలే ఆధారం. మాతృక నశించిన గ్రంథాన్ని ప్రతి ద్వారానే తెలుసుకుంటాము. అటువంటి సందర్భంలో ప్రతిని హీనంగా చూసే అవకాశం పరిష్కర్తకు లేదు. ఇక్కడ యజమానులే అసలును కరిగించగా, అనుకరణ దాని రూపానికి సాక్ష్యం కాగలదు.

ముగింపు

ప్రతికీ కూటప్రతికీ భేదాన్ని పాటించడం అవసరం. తాను ప్రతినని చెప్పుకునేది మోసం కాదు. మచిలీపట్నం సమీపంలోని చిలకలపూడి గిల్టు నగలు తమ ఊరి పేరుతోనే అమ్ముడవుతాయి. కొన్నవారికి అది బంగారం కాదని తెలుసు. వధువుల అనుకరణ టియారాలను కూడా ఈ దృష్టితోనే అంచనా వేయాలి.

తెలుగు పెళ్లిలో వధూవరుల నుదుట కట్టే బాసికం ఈ సమస్యకు మరొక పార్శ్వాన్ని చూపుతుంది. అది సాధారణంగా ఏ పెళ్లికి ఆ పెళ్లికి కొత్తగా సిద్ధమవుతుంది. దానికి ఖజానా లేదు, వీలునామా లేదు. తరతరాలుగా చేతులు మారేది వస్తువు కాదు, కట్టే ఆచారం. టియారా విషయంలో వస్తువుకు ఆపాదించిన గౌరవం నిజానికి ఇటువంటి ఆచారానిదేనని పై ఉదాహరణలు సూచిస్తున్నాయి. అందువల్ల అనుకరణ నగల అధ్యయనంలో అవి దేనికి నకళ్లన్న ప్రశ్నతో పాటు, వాటిని ఎవరు ఎవరికి అప్పగిస్తున్నారన్న ప్రశ్నకు కూడా చోటుండాలి.