డాబాపై సోలార్ పెడితే కరెంట్ బిల్లు ఎంత తగ్గుతుంది? సబ్సిడీ ఎంత? పూర్తి వివరాలివే!

ఎండాకాలం వచ్చిందంటే ఏసీ, కూలర్, ఫ్రిజ్ ఆగకుండా తిరగాల్సిందే. నెల తిరిగేసరికి బిల్లు చూస్తే గుండె గుభేల్! అందుకే తెలుగు రాష్ట్రాల్లో చాలామంది చూపు ఇప్పుడు డాబాపై సోలార్ ప్యానెళ్ల మీద పడింది.

ఒక కిలోవాట్ ప్యానెళ్లకు దాదాపు 100 చదరపు అడుగుల నీడపడని స్థలం కావాలి. రోజుకు సగటున 4 యూనిట్ల దాకా వస్తాయి. అంటే 3 కిలోవాట్లతో నెలకు 300 యూనిట్లకు పైనే. వానాకాలంలో మాత్రం తగ్గుతుంది.

అసలు లాభం నెట్ మీటర్‌లో ఉంది. పగలు ఇంట్లో వాడగా మిగిలిన కరెంట్ గ్రిడ్‌కు వెళ్తుంది, రాత్రి అక్కడి నుంచే వస్తుంది. ఆ లెక్క సరిచూసి తేడాకే బిల్లు వేస్తారు. పైగా మన బిల్లులు శ్లాబుల పద్ధతిలో ఉంటాయి కదా! సోలార్ ముందుగా తగ్గించేది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లనే. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం కట్టాల్సిందే.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు సబ్సిడీ ఇస్తారు. 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా రూ.78 వేలే. పథకం పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని, అక్కడ నమోదైన వెండర్‌తోనే బిగించుకోవాలి. ప్యానెళ్లు దేశంలో తయారైనవే అయ్యుండాలి. తక్కువకే ఇస్తామంటూ ఇంటికొచ్చే వాళ్లను నమ్మి అడ్వాన్స్ ఇస్తే సబ్సిడీ చేజారిపోవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని సోలార్ ఉంటే, కరెంట్ పోయినప్పుడు మిట్టమధ్యాహ్నమైనా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. కోతలప్పుడు కూడా కరెంట్ కావాలంటే బ్యాటరీ ఖర్చు అదనం.

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు అందుకునే ఇళ్లకు ఇప్పటికిప్పుడు పెద్దగా మిగిలేదేమీ లేదు. అప్పు చేసి పెట్టే ముందు లెక్క చూసుకోవడం మంచిది.

ప్యానెళ్లు పాతికేళ్ల దాకా పనిచేస్తాయి, ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో మార్చాల్సి రావొచ్చు. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి ఉదయమో, సాయంత్రమో నీళ్లతో కడగాలి. మండే ఎండలో వేడెక్కిన అద్దంపై చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.