పుంజు మీద పడ్డ నింద

ఆ గుడ్డు ఉసిరికాయంత ఉంది. బతుకమ్మ రోజుల్లో ఒక పొద్దున, తిరుమలాయపాలెంలో మా పెరట్లో గంప ఎత్తగానే కనిపించింది. ముందురోజు రాత్రి ఆ గంప కింద కమ్మినవి నాలుగే: ఒక పుంజు, ఇంకా గుడ్లకు రాని మూడు పెట్టలు. తల్లికోడి పిల్లలతో వేరే గంప కింద ఉంది. బయటి పిట్టేదీ లోపలికి దూరే సందు లేదు.

నాయనమ్మ దాన్ని పళ్లెంలో పగలగొట్టింది. పచ్చసొన లేదు. తెల్లసొన మధ్యలో తెల్లటి పోగొకటి పాముపిల్లలా మెలితిరిగి ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది పుంజు గుడ్డు బిడ్డా. ఇంటికి మంచిది కాదు. అంగట్ల అమ్మి రమ్మను మీ నాయనను" అన్నది. మధ్యాహ్నానికల్లా పుంజు కాలికి తాడు పడింది.

ఆమె భయాన్ని నేను తీసిపారేయలేను. సరిగ్గా ఈ ఆనవాళ్లే చూసి యూరప్ వందల ఏళ్లు వణికింది. పుంజు పెట్టిన గుడ్డులోంచి చూపుతోనే చంపే పాము పుడుతుందని నమ్మారు. 1474లో ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పట్నంలో, గుడ్డు పెట్టిందన్న నేరానికి ఒక పుంజును విచారించి, గుడ్డుతో సహా తగలబెట్టారు. ఆ పుంజును తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ముడి విప్పింది ఫ్రాన్స్‌లోని మోంపెలియే శస్త్రవైద్యుడు లా పెరోనీ. ఒక రైతు ఇలాంటి చిన్న గుడ్లు పట్టుకొచ్చి, తన పుంజే పెడుతోందని చెప్పాడు. వైద్యుడు పుంజును కోసి చూశాడు. లోపల అన్నీ పుంజుకు ఉండాల్సినవే, గుడ్డు తయారయ్యే చోటే లేదు. అంతకంటే గట్టి ఆధారం తర్వాత దొరికింది: పుంజు చచ్చినా గుడ్లు ఆగలేదు. చివరికి వాటిని పెడుతున్నది ఒక పెట్ట అని తేలింది. దాన్ని కోస్తే, నీరు నిండిన తిత్తి ఒకటి గుడ్డు దిగే గొట్టాన్ని నొక్కుతూ కనిపించింది. ఆ ఇరుకులో పచ్చసొన చితికిపోతోంది. ఇక పాములాంటి పోగు ప్రతి గుడ్డులోనూ ఉండేదే. పచ్చసొనను చెరోవైపు పట్టి ఉంచే మెలి అది. పట్టుకోవడానికి సొన లేనప్పుడు ఒంటరిగా కళ్లబడి భయపెడుతుంది. ఇదంతా ఆయన 1710లో రాసిపెట్టాడు.

మరి మా పెరటి పెట్టకూ తిత్తి ఉందా? ఉండనక్కర్లేదు. కోడిపెట్టలో సాధారణంగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. దాన్నుంచి జారిన పచ్చసొన గొట్టంలోకి దిగుతుంది. మొదట మూడు గంటలపాటు తెల్లసొన చుట్టుకుంటుంది, తర్వాత పొరలు, ఆ పైన దాదాపు ఇరవై గంటలు పెంకు. మొత్తం ఒక పగలూ రాత్రీ దాటుతుంది. అయితే తెల్లసొన ఊరే చోటు, వచ్చింది పచ్చసొనేనా అని చూసుకోదు. చిన్న కండముక్కో, రక్తపు గడ్డో దిగినా దాని చుట్టూ సొన పోసి, పెంకు కట్టి బయటికి పంపేస్తుంది. కొత్తగా గుడ్లకు వచ్చే పెట్టలో అండాశయానికీ గొట్టానికీ ఇంకా జత కుదరదు. ఒకటి సిద్ధమయ్యేలోపే రెండోది పని మొదలుపెడుతుంది. అందుకే తొలి గుడ్లలో ఇలాంటివి పడతాయి. ఆరోగ్యమైన పెట్టే పెడుతుంది.

ఇక మిగిలింది, ఆ మూడింటిలో ఏది అన్నదే. ఉగాదికి ముందు పిల్లలైనవి, నాటుకోళ్లు గుడ్లకు వచ్చే ఆరేడు నెలల ఈడు మూడింటికీ నిండింది. రెండింటి తురాయి ఇంకా పాలిపోయి, పొట్టిగా ఉంది. మూడోది, మెడ మీద బూడిదరంగు ఈకలున్నది, తురాయి ఎర్రగా నిగనిగలాడుతోంది. వీపు మీద చెయ్యి వేస్తే మిగతావి పారిపోయాయి, ఇది రెక్కలు కాస్త విడదీసి కింద కూలబడింది. తోక కింద ఉండే రెండు సన్నటి ఎముకల మధ్య వేలు పెట్టి చూశాను. మిగతా రెండు పెట్టలకూ ఒక వేలే కష్టంగా పట్టింది. దీనికి రెండు వేళ్లు సులువుగా పట్టాయి. ఎదిగే పెట్టలో గుడ్డుకు దారి ఇవ్వడానికే ఆ ఎముకలు విడివడతాయి.

నాయనమ్మకు చెప్పాను. ఊ అనలేదు, కాదనలేదు. అంగడి రోజు దాకా ఆగుదామన్నది. ఆ రాత్రి నుంచి బూడిదమెడ పెట్టను ఒక్కదాన్నే వేరే గంప కింద, వరిగడ్డి పరిచి కమ్మాం.

మూడో పొద్దున గంప నాయనమ్మే ఎత్తింది. గడ్డిలో గుడ్డు ఉంది. ముందుదానికంటే పెద్దదే గానీ, తల్లికోడి గుడ్డుతో పోలిస్తే ఇంకా చిన్నది. అదే పళ్లెం తెచ్చి పగలగొట్టింది. చిన్నదే అయినా ముద్దబంతి రంగు సొన, గుండ్రంగా నిలబడింది. దానికి అటూ ఇటూ అవే తెల్లటి మెలిపోగులు. ఆమె వాటిని చాలాసేపు వంగి చూసింది. తర్వాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, గుంజ దగ్గరికి పోయి పుంజు కాలి తాడు విప్పింది.