గుంటూరు గ్రహణం నుంచి టెఫ్లాన్ బుడ్డి దాకా

క్షణాన్ని పట్టుకోవాలన్న యావ పుదుచ్చేరికి కొత్త కాదు. శుక్రుడు సూర్యబింబాన్ని దాటే వేళను లెక్కకట్టడానికి ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లె జాంతీ 1768లో ఇక్కడికొచ్చి వేధశాల కట్టుకున్నాడు. తీరా 1769 జూన్‌లో సరిగ్గా ఆ ఘడియకి మబ్బు కమ్మింది. వందేళ్లకు, 1868 ఆగస్టు 18న, గుంటూరులో ఖగోళజ్ఞుడు జాన్‌సెన్‌కి అదృష్టం కలిసొచ్చింది: సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్లో హైడ్రోజన్ గీతలు మెరిశాయి.

హైడ్రోజన్‌లో కంటికి ఆనని గీత ఇంకొకటుంది. ఎలక్ట్రాన్, ప్రోటాన్ రెండూ బుల్లి అయస్కాంతాలే. వాటి భ్రమణాలు ఒకే దిక్కున ఉంటే ఒక శక్తి, ఎదురెదురుగా ఉంటే మరొకటి; ఆ తేడాయే హైపర్‌ఫైన్ అంతరం. 1951లో భౌతికజ్ఞులు యూయెన్, పర్సెల్ దాన్ని ఆకాశం నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల రేడియో తరంగంగా పట్టారు. ప్రయోగశాలలో మాత్రం చిక్కు: పుంజంలో పరుగెత్తే పరమాణువు పరికరంలో ఉండేది లిప్తపాటే. చూసే సమయం తగ్గితే గీత మందమవుతుంది.

1960లో హార్వర్డ్‌లో రామ్సే, గోల్డెన్‌బర్గ్, క్లెప్నర్ పరమాణువుల్ని నిలబెట్టారు. పై శక్తి స్థితిలో ఉన్నవాటిని అయస్కాంతంతో ఏరి, మొదట పారఫిన్, తర్వాతి రోజుల్లో టెఫ్లాన్ పూసిన గాజు బుడ్డిలోకి వదిలారు. గోడలకు వేలసార్లు కొట్టుకున్నా వాటి స్థితి చెదరలేదు. అన్నీ ఒకే శ్రుతిలో మైక్రోవేవ్‌లు పలికాయి. అదే హైడ్రోజన్ మేజర్. ప్రతి తాకిడీ శ్రుతిని రవ్వంత జరుపుతుంది గనక, వేర్వేరు సైజుల బుడ్డీలతో కొలిచి, గోడలే లేని బుడ్డికి లెక్క తేల్చారు. అలా కుదిరిన విలువ సెకనుకు 1,42,04,05,751.77 ఆవృత్తులు.

నా మటుకు అసలు ముచ్చట ఇక్కడుంది. కొలత లక్ష కోట్లలో ఒకటి రెండు వంతుల దాకా వెళ్లింది. ప్రోటాన్ లోపలి అమరిక పూర్తిగా అంతుబట్టక సిద్ధాంతం మాత్రం పది లక్షల్లో వంతు దగ్గరే తడబడుతోంది.

1976లో భౌతికజ్ఞుడు వెసో ఒక మేజర్‌ను రాకెట్‌లో 10,000 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, గురుత్వం తగ్గినచోట గడియారం ఐన్‌స్టైన్ చెప్పినట్టే వేగంగా నడుస్తుందని చూపాడు.

మనకు ఈ గడియారాల గొడవ ఇంటి సంగతి అయింది ఉపగ్రహాలతో దారి చూపే మన నావిక్‌తోనే. పుదుచ్చేరిలోని మూలకుళం సందుల్లో ఇల్లు వెతికే డెలివరీ కుర్రాడికి గడియారం మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు పోతుంది, అంటే వేరే వీధే. 2013 జూలైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన తొలి నావిక్ ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ మొరాయించాయి. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మన గడ్డ మీద చేసిన రుబీడియం గడియారం ఉంది. అది మేజర్ కాదుగానీ సూత్రం ఆ హైపర్‌ఫైన్ అంతరమే. మేజర్లు బెంగళూరు దగ్గర బ్యాలాలులో, నేల మీద, నావిక్ కాలాన్ని కాస్తుంటాయి. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్య చేరలేదు. ఈసారి మొండికేసింది గడియారం కాదు, ఇంజిన్ కవాటం.