ప్లే డే నాటి కిన్నెరసాని

సింగరేణి బొగ్గు బాయిల్లో ఆదివారాన్ని ప్లే డే అంటారు. ఆ రోజు డ్యూటీ పడితే కూలి ఎక్కువ గిడుతుంది, అందుకని దాన్ని వదులుకోవడం తేలిక కాదు. కొత్తగూడెంలో బాయి పనికి పోయే మా పెదనాన్న మాత్రం కార్తీకంలో ఒక్క ప్లే డే కచ్చితంగా వదులుకునేవాడు. ఆరు రోజులు భూమి కింద ఉన్నవాడికి ఏడో రోజు నీళ్లు కనపడాలిరా అనేవాడు. పొద్దున్నే రెండిళ్ల వాళ్లం పాల్వంచలో కలుసుకుని, అన్నం గిన్నెలు, కోడికూర డేగిసా, తుంగచాపలు ఎక్కించుకుని యానంబైలు మీదుగా కిన్నెరసాని డ్యాంకు పోయేవాళ్లం.

పాల్వంచ నుంచి 12 కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా ఊరు దాటిన కాసేపటికే గాలి మారిపోతుంది. టేకు, వెదురు, తునికి దాటి కట్ట ఎక్కితే ఎదురుగా నీళ్లు, నీళ్ల మధ్య పచ్చని గుట్టలు, వాటి వెనక మళ్లీ గుట్టలు. మా అమ్మ ముందు నీడ వెతికేది, మేము జింకల పార్కు కంచె దగ్గరికి పరుగెత్తేవాళ్లం. నీళ్లలో మొసళ్లున్నాయని చెప్పి ఒడ్డు దిగనిచ్చేవారు కాదు. అది పిల్లల్ని బెదిరించడానికి చెప్పిన మాట కాదు, నిజంగానే ఉన్నాయి. ఇప్పుడు పడవ షికారు ఉంది, గుట్ట మీద అద్దాల మేడ ఉంది. మాకు మాత్రం ఆ కట్ట మీద నడవడమే పెద్ద షికారు.

ఈ చెరువును ఎవరూ మన విహారం కోసం కట్టలేదు. 1960లలో కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి నీళ్లు కావాలని కిన్నెరసాని ఏటికి అడ్డంగా కట్టారు. బొగ్గు పక్కనే ఉంది, నీళ్లు కూడా దొరికాయి, 1966లో మొదటి యూనిట్ తిరిగింది. డ్యాం నిండు మట్టం 407 అడుగులు. వానాకాలంలో ఆ అంకె మా ఊళ్లో పిల్లలకు కూడా నోటికొస్తుంది. నీళ్లు అక్కడికి చేరువవుతున్నాయంటే గేట్లెత్తుతారు, కింద ఏటి పొడవునా ఊళ్లు జాగ్రత్తపడాలి. ఆ నీళ్లు బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ తన కిన్నెరసాని పాటల్లో అత్తింటి బాధకు ఏరైపోయిన కోడలిగా మలిచి గోదావరి చెంతకు చేర్చింది ఈ ఏటినే. గేట్లెత్తిన రోజు ఆ పరుగు చూస్తే, ఆయనకు కన్నీటి కథ ఎందుకు తట్టిందో నాకు అర్థమవుతుంది.

1977లో చుట్టూ ఉన్న అడవిని అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 635 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పి, కణితి, అడవిదున్న, ఎలుగు, చిరుత ఉండే అడవి. మేము చూసేది అందులో గోరంత: కట్ట, పార్కు, పడవ. లోపలి అడవి కోయవాళ్లది. వేసవి మొదట్లో వాళ్లు ఇప్పపువ్వు ఏరతారు, ఆ తర్వాత తునికాకు కోసి యాభై ఆకుల చొప్పున కట్టలు కడతారు. మేము సెలవు గడపడానికి వెళ్లే చోటే వాళ్లకు కూలి, కూడు, దేవుడు. ఈ సంగతి మేము ఆలస్యంగా గ్రహించాం. నేనైతే మరీ ఆలస్యంగా, పెళ్లయి పిల్లలు పుట్టాక.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఏజెన్సీ ప్రాంతం, ఇక్కడ 1970 నాటి భూ బదలాయింపు నిబంధన అమల్లో ఉంది. మేము 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటాం. గిరిజనేతరుడికి భూమి అమ్మితే చెల్లదు. ఆ చట్టం వల్ల అభివృద్ధి ఆగిపోయిందని పాల్వంచ టీ కొట్లలో వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ నిబంధనే లేకపోతే నీళ్ల ఒడ్డు ఎకరాలు ఎప్పుడో చేతులు మారి, కట్ట మీదికి వెళ్లే దారికి కూడా ఎవరి గేటో అడ్డం వచ్చేది. ఇవాళ బాయి కార్మికుడూ ఆటో డ్రైవరూ చాప పరుచుకుంటున్నారంటే అందులో ఆ చట్టం పాలు ఉంది. అయితే ఆ చాపలు ఎత్తాక మిగిలే ప్లాస్టిక్ గ్లాసులకు మేమే బాధ్యులం. దుప్పులు ఆ కవర్లను నమలడం చూశాక నాకు ముద్ద దిగలేదు.

ఈ నీళ్లు ఎవరి కోసం ఆపారో ఆ పాత థర్మల్ కేంద్రం, అంటే కేటీపీఎస్‌లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 120 మెగావాట్లవి నాలుగు, మొత్తం 720 మెగావాట్లు. అవన్నీ మూతపడ్డాక 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చేశారు. మా నాన్న అక్కడే పనిచేసి రిటైరయ్యారు. దుమ్ము తగ్గేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ కార్తీకంలో ఆయన్ని కిన్నెరసాని తీసుకెళ్లాను. పెద్దమ్మ గుడి దగ్గర ఆగి దండం పెట్టుకుని వెళ్లాం. మోకాళ్ల నొప్పితోనే కట్ట ఎక్కి, రెయిలింగు పట్టుకుని నిలబడి నీటిమట్టం ఎంతుందని అడిగారు. చెప్పాను. కొత్త యూనిట్లకు సరిపోతాయిలే అని, చాప ఎక్కడ వేశారో చూడమన్నారు.