పోస్ట్‌మ్యాన్ అంటే భయపడ్డ రచయిత

రచయిత సోషల్ మీడియాకి ఎంత టైమ్ ఇవ్వాలి? మన తరానికే వచ్చిన తలనొప్పి ఇది అనుకుంటాం గానీ, పాఠకులు నేరుగా రచయిత బల్ల మీదకొచ్చి కూర్చోవడం ఫోన్లతో మొదలవలేదు. ముఖ్యంగా విశ్వాసం గురించి రాసేవాళ్ల పరిస్థితి ఎప్పుడూ ఇంకాస్త ఇరుకే. ప్రేమ గురించి పుస్తకాలు రాసి, తలుపు తట్టినవాణ్ణి పొమ్మనడం ఎలా? ఈ చిక్కుని జీవితమంతా మోసినవాడు సి. ఎస్. లూయిస్. నార్నియా కథల లూయిసే.

ఆయన ఆక్స్‌ఫర్డ్ మాడ్లిన్ కాలేజీలో సాహిత్యం చెప్పే మాస్టారు. ఒకప్పుడు నాస్తికుడు, 1931లో మళ్లీ క్రైస్తవుడయ్యాడు. యుద్ధం రోజుల్లో బీబీసీ వాళ్లు విశ్వాసం గురించి రేడియోలో మాట్లాడమన్నారు. 1941 ఆగస్టులో మొదలైన ఆ ప్రసంగాలు విడతలవారీగా 1944 దాకా సాగాయి. అప్పట్నుంచీ ఉత్తరాల వాన. తామే దేవుళ్లమని సంతకం పెట్టేవాళ్లు, తమ పెళ్లి కష్టాలతో మొదలెట్టేవాళ్లు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేవాళ్లు. ఈ చివరి రకానికి పూర్తిగా జవాబివ్వడం తన బాధ్యత అనుకున్నాడాయన. 1950 నుంచి నార్నియా పుస్తకాలు రావడంతో పిల్లలూ ఈ వరసలో చేరారు.

లూయిస్‌కి టైప్ చెయ్యడం ఇష్టం లేదు. సిరాలో ముంచి రాసే కలమే. సైన్యంలో మేజర్‌గా చేసి రిటైరైన అన్న వారెన్, రెండు వేళ్లతో టైప్ కొట్టి సాయం చేసేవాడు. తను కొట్టినవే 12,000 దాకా ఉంటాయని ఆయన లెక్క. దొరికిన ఉత్తరాల్లో చాలావరకు 2000-2006 మధ్య మూడు లావుపాటి సంపుటాలుగా వచ్చాయి.

ఇదంతా చూసి ఆయనకి ఉత్తరాలంటే సరదా అనుకుంటే పొరపాటే. 1955లో వచ్చిన ఆత్మకథలో తన ఆదర్శ దినచర్య చెప్పాడు: పొద్దున 9 నుంచి 1 దాకా చదువూ రాతా, మధ్యాహ్నం నడక, నాలుగుంపావుకి టీ, మళ్లీ 5 నుంచి 7 దాకా పని. ఆ రోజులో ఉత్తరాలకి దాదాపు చోటే లేదు. పోస్ట్‌మ్యాన్ తలుపు తడతాడేమోనన్న భయం లేనివాడే సుఖపడతాడని ఆయన అభిప్రాయం. నోటిఫికేషన్ చప్పుడుకి గుండె దడ పెరిగే మనకి ఇది కొత్తేం కాదు.

మరి ఎందుకు రాశాడు? జవాబు ఆయన పుస్తకంలోనే ఉందనిపిస్తుంది నాకు. 1942లో వచ్చిన స్క్రూటేప్ లెటర్స్‌లో ఒక పెద్ద దెయ్యం చిన్న దెయ్యానికి పాఠం చెబుతుంది. మనిషి తన ఇరవైనాలుగు గంటలూ తన సొంత ఆస్తి అనుకునేలా చెయ్యి, అప్పుడు అనుకోకుండా వచ్చిన చుట్టమల్లా వాడికి దొంగలా కనిపిస్తాడు అని. 1943 డిసెంబరులో స్నేహితుడు ఆర్థర్ గ్రీవ్స్‌కి రాసిన ఉత్తరంలోనూ ఇదే మాట. మన అసలు జీవితానికి అడ్డంకులు అనుకునేవే మన అసలు జీవితం అన్నాడు. అంటే లూయిస్ దృష్టిలో టైమ్ ఆస్తి కాదు, చేతికిచ్చిన సొమ్ము.

అలాగని గేట్లు బార్లా తెరవలేదు. చాలా జవాబులు నాలుగైదు వాక్యాలే. వచ్చిన ఉత్తరాల్ని దాచుకోకుండా పారేసేవాడు. ఎన్నడూ కలవని ఒక అమెరికన్ మహిళకి 1950 నుంచి 1963 దాకా వందకి పైగా ఉత్తరాలు రాశాడు. కీళ్లనొప్పితో కుడిచెయ్యి మొరాయించినా ఆపలేదు. ఆవిడనే పండగ రోజుల్లో మాత్రం రాయొద్దని మర్యాదగా అడిగాడు. క్రిస్మస్ తపాలా అంటే ఆయనకి హడల్.

మూల్యం లేకపోలేదు. 1930ల మధ్యలో ఒప్పుకున్న పదహారో శతాబ్దపు సాహిత్య చరిత్ర 1954కి గానీ రాలేదు. తప్పంతా ఉత్తరాలదే అనలేం. మధ్యలో యుద్ధం ఉంది, ఇంటి చాకిరీ ఉంది. కానీ లాభం వైపు లెక్క కూడా చూడాలి. 1950 జనవరిలో న్యూయార్క్ నుంచి జాయ్ డేవిడ్‌మన్ అనే కవయిత్రి ఉత్తరం వచ్చింది. జవాబు రాశాడు. 1956లో ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఆమె పోయాక రాసిన ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్, నా మట్టుకు, ఆయన పుస్తకాలన్నిటిలోకీ నిజాయితీ గలది.

ఈ కథ చెప్పి, కాబట్టి ఫీడ్‌లో ఎంతసేపైనా ఉండొచ్చు అంటే అది లూయిస్‌కి అన్యాయం. ఆయన బల్ల మీదకొచ్చిన ప్రతి కాగితం కిందా ఒక పేరుంది, జవాబు కోసం ఎదురుచూసే మనిషుంది. రాసిన జవాబుకి లైకుల్లేవు, చూసేవాళ్లూ లేరు. మన టైమ్ తినేస్తున్నది ఎక్కువగా మనుషులు కాదు, మనల్ని ఎంతమంది చూశారన్న లెక్క. లూయిస్ సూత్రాన్ని ఇవాళ్టికి తెచ్చుకుంటే, ఇన్‌బాక్స్‌లో నిజంగా అడిగిన ఒక్కరికి నాలుగు వాక్యాలు రాయడం బాకీ. మిగతాదానికి మనం ఏమీ బాకీ లేం.

1963 నవంబరు 22న లూయిస్ చనిపోయాడు. ముందురోజు కూడా నార్నియా పుస్తకాల గురించి రాసిన ఓ కుర్రాడికి జవాబు రాశాడు.