మండువా లోగిలి (కోనసీమ)

మండువా లోగిలి అంటే నడుమ పైకప్పు లేని చతురస్రపు ఖాళీ స్థలం (మండువా), దాని చుట్టూ వసారాలు, గదులు ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లు. కోనసీమలోని మామిడికుదురు ప్రాంతంలో ఈ ఇళ్ల కథ నీటితో ముడిపడింది. విక్టోరియా రాణి కాలంలో, 1847–52 మధ్య, ఆంగ్లేయ ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. తర్వాత గన్నవరం అక్విడక్టు వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని ఇటు దాటించింది. వరి, కొబ్బరి పండి రైతులు నిలదొక్కుకుని ఈ లోగిళ్లు కట్టుకున్నారు.

టేకు స్తంభాలు, పెంకుల కప్పు, వీధి అరుగులు ఈ ఇంటి గుర్తులు. వాన కురిస్తే నాలుగు చూరుల ధార మండువాలోని గంగాళంలో పడేది. అరుగు మీద తాతగారు తగవులు తీర్చేవారు. పెరటి వసారాలో అమ్మమ్మలు, కోడళ్లు, పురిటికొచ్చిన ఆడపడుచులు మసిలేవారు. ఆస్తి పంపకాలతో ఎన్నో లోగిళ్లు కూలాయి. మిగిలినవి కోనసీమ కుటుంబ చరిత్రకు సజీవ సాక్ష్యాలు.